అడ్డం వచ్చింది మనవాడే అన్నా, చెరిపెయ్యకు

ఇది పొడుగు పోస్టు. బ్రేక్‌లో సగం, ఇంటికెళ్ళే బస్సులో సగం చదువుకోండి. తిట్టాలనుకుంటే మొత్తం చదివాకే తిట్టండి, పడతాం.

మేం కిచెనర్‌లో కన్‌స్ట్రక్షన్ పని చేసుకునే కొందరం. సెంట్రింగ్ వాళ్ళున్నాం, రాడ్ బెండింగ్ వాళ్ళున్నాం, కాంక్రీట్ వాళ్ళున్నాం, రోడ్డు మీద స్టాప్-స్లో బోర్డు పట్టుకుని నిలబడేవాళ్ళున్నాం. మాలో చాలామంది చదువు పదో క్లాసు దగ్గరే ఆగింది. ఫొటోగ్రఫీ కోర్సులు చెయ్యలేదు. కానీ ఫొటోల్లో తరచూ అడ్డం వచ్చేది మేమే కాబట్టి, ఈ విషయం మీద మాట్లాడే హక్కు మాకుంది అనుకుంటున్నాం.

విషయం ఇది. మన గ్రూపుల్లో ఈమధ్య రైలు ఫొటోలు తెగ పెడుతున్నారు. ఐయాన్ ఫొటోలు, టొరంటో నుంచి వచ్చే గో ట్రైన్ ఫొటోలు, మంచులో గూడ్సు బండ్లు. సంతోషమే. రైలంటే మనకి చిన్నప్పట్నించీ పిచ్చి. బెజవాడ ప్లాట్‌ఫామ్ మీద దుప్పటి పరుచుకుని పడుకున్నవాళ్ళం, కాజీపేటలో బండి మారినవాళ్ళం, రాజమండ్రి బ్రిడ్జి మీద గోదారిలోకి రూపాయి బిళ్ళ విసిరి దండం పెట్టుకున్నవాళ్ళం. ఇక్కడికొచ్చాక కూడా రైలు కూత వినిపిస్తే ఒక్క క్షణం పని ఆపి తలెత్తి చూస్తాం. అందుకే ఫొటోలు చూసి మేమూ లైకులు కొడతాం.

కొట్టలేనిది ఒకటుంది. ఫొటో కింద "అడ్డం ఉన్నవన్నీ తీసేశా, ఎలా ఉంది బ్రో" అని రాస్తున్నారు చూడండి, అది. ఏం తీసేశావు తమ్ముడూ అని అడిగితే, కోన్లు, ఫెన్సు, నారింజ రంగు బోర్డులు, "ఇద్దరు ముగ్గురు లేబర్" అంటున్నారు. కోన్లతో కలిపి, ఒకే లిస్టులో! కింద యాభై మంది "సూపర్", "క్లీన్", "యూరప్‌లా ఉంది" అని కామెంట్లు. అలా రాసినవాళ్ళలో సగం మంది పొద్దున లేస్తే అదే రంగు వెస్ట్ వేసుకుని పనికెళ్ళేవాళ్ళు. మన బొమ్మని మనమే చెరిపి, మనమే చప్పట్లు కొట్టుకుంటున్నాం. మాకు కోపం వచ్చింది అక్కడే.

కిచెనర్‌లో రైలు ఫొటో తియ్యడం కష్టం, ఒప్పుకుంటాం. అంతా ఇరుకు. డౌన్‌టౌన్‌లో ఐయాన్ పోయేదే రెండు సన్న వీధుల్లోంచి. ఒక పక్క బిల్డింగు గోడ, ఇంకో పక్క కార్లు, పైన కరెంటు తీగలు, అడుగడుక్కీ స్తంభం. కింగ్, విక్టోరియా వీధులు కలిసేచోట ఇంకా ఇరుకు. ఒకప్పుడు కింగ్ స్ట్రీట్ అక్కడ రైలు పట్టాల్ని నేల మీదే దాటేది. ఐయాన్ కోసం రోడ్డుని కిందికి దించి, పట్టాల్ని పైన బ్రిడ్జి మీదికి ఎక్కించారు. ఇప్పుడు కింద ఐయాన్, పైన రైలు, పక్కన గోడలు, రెయిలింగులు. రెండూ ఒక్క ఫ్రేములో పట్టాలని అందరికీ ఆశే. నిలబడ్డానికి జాగా ఉండదు, ఏదో ఒకటి అడ్డం వస్తుంది. అప్పుడు ఫోన్‌లో వేలితో రుద్దితే పోతుంది. 2021లో గూగుల్ వాళ్ళు పిక్సెల్ ఫోన్లలో మ్యాజిక్ ఇరేజర్ అని పెట్టారు, మిగతా కంపెనీలూ అలాంటివి పెట్టాయి. ఆ గూగుల్ ఆఫీసు కూడా మన ఊళ్ళో ఈ పట్టాల పక్కనే ఉంది. వేలితో రుద్దేది ఎంత తేలికో, అక్కడ ఆ రెయిలింగు బిగించింది అంత కష్టం.

ముందు అసలు "అడ్డం" అంటే ఏంటో చూద్దాం.

కోన్ ఊరికే పెట్టరు. దానికవతల గొయ్యో, పచ్చి కాంక్రీటో, బండి తిరిగే జాగానో ఉంటుంది. ఫెన్సు ఊరికే కట్టరు. పట్టాల పక్కన పని జరిగేటప్పుడు వెస్ట్ వేసుకుని పని చెయ్యకుండా ఊరికే నిలబడ్డ మనిషి కనిపిస్తాడు. కొందరు "చూడు, కెనడాలో కూడా పని దొంగలు" అని నవ్వుతారు. ఆయన పనే అది. బండి వస్తుంటే అందర్నీ పట్టాల మీంచి పక్కకి తెచ్చి నిలబెట్టడం ఆయన పని. ఆయన కన్ను చెదిరితే మా ప్రాణం పోతుంది. ఆయన్ని "అడ్డం" అని తీసేసిన ఫొటోని మా ముందు పెట్టి బాగుందా అని అడిగితే ఏం చెప్పాలి?

వాటర్లూ వైపు ఇంకో వింత. అక్కడ కొంత దూరం ఐయాన్, గూడ్సు బండి ఒకే దారి వాడుకుంటాయి. పగలు ఐయాన్, రాత్రి పూట గూడ్సు. గూడ్సు డబ్బాలు వెడల్పు, ప్లాట్‌ఫామ్‌కి తగులుతాయి. అందుకని స్టేషన్ల దగ్గర ఇంకో జత పట్టాలు కొంచెం పక్కకి జరిపి, మొదటి జతలో అల్లుకున్నట్టు వేశారు. గూడ్సు ఆ పక్క జత మీద ప్లాట్‌ఫామ్‌కి దూరంగా జరిగి పోతుంది. చూడ్డానికి నాలుగు పట్టాలు చిక్కుపడినట్టు ఉంటుంది. ఒక తమ్ముడు ఆ రెండో జతని "గజిబిజిగా ఉంది" అని తుడిచేసి రెండు పట్టాల ఫొటో పెట్టాడు. అందంగానే ఉంది. కానీ అలాంటి స్టేషన్ ఈ భూమ్మీద లేదు. ఆ ఫొటోలో ఉన్నట్టు కట్టి ఉంటే మొదటి రాత్రే గూడ్సు డబ్బా ప్లాట్‌ఫామ్‌ని గీరేసేది. గజిబిజి అనుకున్నదాంట్లోనే ఇంజినీరు తెలివీ, పట్టా వేసినవాడి చెమటా ఉన్నాయి.

ఐయాన్ పని 2014లో మొదలైంది. 2019 జూన్ 21న జనం ఎక్కారు. 19 కిలోమీటర్లు, 19 స్టేషన్లు. మధ్యలో ఐదేళ్ళు ఈ ఊరు ఎలా ఉందో అప్పుడున్నవాళ్ళకి తెలుసు. ఆ తవ్వకాల్లోనే 2016లో వాటర్లూలో కింగ్ స్ట్రీట్ కింద పాత దుంగల రోడ్డు బయటపడింది. బురదలో బండ్లు దిగబడకుండా చెట్ల దుంగల్ని అడ్డంగా పక్కపక్కన పరిచి వేసిన రోడ్డు, రెండు వందల ఏళ్ళ నాటిదన్నారు. పనికి అడ్డమే కదా? ఎక్స్‌కవేటర్‌తో ఒక్క గంటలో ఎత్తి పారెయ్యొచ్చు. అలా చెయ్యలేదు. పురావస్తు వాళ్ళని పిలిచారు, వాళ్ళు చూసేదాకా ఆగారు. ఎందుకంటే ఆ దుంగలు ఇక్కడెవరో పనిచేశారు అని చెప్తున్నాయి. రెండు వందల ఏళ్ళ కిందటి కూలివాడి దుంగకి ఇచ్చిన మర్యాద, ఇవాళ కళ్ళ ముందున్న కూలివాడికి ఇవ్వలేమా?

ఇక్కడ "అబ్బా, ఒక ఫొటోకి ఇంత రాద్ధాంతమా, కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అంటారు కొందరు. దురద కందకే ఉంది అన్నా. ఈ దేశంలో రైలు ఫొటోకీ వలస కూలివాడికీ ఉన్న లెక్క చాలా పాతది. వినండి.

1885 నవంబరు 7న బ్రిటిష్ కొలంబియాలో క్రెయిగెలాకీ అనే చోట కెనడియన్ పసిఫిక్ రైల్వే ఆఖరి మేకు కొట్టారు. కెనడాలో పిల్లల పాఠం పుస్తకాల్లో ఉండే ఫొటో అది. పొడుగు తెల్ల గడ్డం డొనాల్డ్ స్మిత్ సుత్తి పట్టుకుని వంగి ఉంటాడు, చుట్టూ కోట్లు, టోపీలు. ఆ లైనులో బ్రిటిష్ కొలంబియా కొండల భాగం కట్టడానికి 15,000 మందికి పైగా చైనా కూలీలు పనిచేశారు. కొండలు పేల్చారు, సొరంగాలు తొలిచారు. తెల్ల కూలీ కంటే తక్కువ కూలికి పనిచేశారు. తక్కువలో తక్కువ 600 మంది చచ్చిపోయారు. ఆ ఫొటోలో వాళ్ళు లేరు. ఎవరూ గీకి చెరపలేదు, అప్పుడు ఇలాంటి ఫోన్లు లేవు. ఫ్రేములోకే రానివ్వలేదు.

అదే 1885లో, పని అయిపోతూనే, ఈ దేశంలోకి వచ్చే చైనా మనిషి మీద 50 డాలర్ల తలపన్ను వేశారు. 1903కి అది 500 డాలర్లు చేశారు. 1923లో దాదాపు పూర్తిగా తలుపే మూసేశారు, 1947 దాకా తెరవలేదు. తలపన్ను గురించి పార్లమెంటులో ప్రధాని క్షమాపణ చెప్పింది 2006 జూన్ 22న. ఫొటోలో లేకపోవడం వల్లే ఇదంతా జరిగింది అని మేం అనట్లేదు. ఫొటోలో లేనివాణ్ణి దేశం లెక్కలోంచి తియ్యడం ఎంత సులువో చూడండి అంటున్నాం. "మేం కట్టాం" అని చెప్పుకోవడానికి వాళ్ళ మనవలకి వందేళ్ళు పైన పట్టింది.

అమెరికాలోనూ ఇదే కథ. 1869లో యూటాలో ప్రొమాంటరీ దగ్గర రెండు రైలు మార్గాలు కలిసినప్పుడు తీసిన పేరున్న ఫొటో చూస్తే, ఆ లైను కట్టిన వేల మంది చైనా కూలీలు అందులో ఉన్నట్టే అనిపించదు. న్యూయార్క్‌లో కార్కీ లీ అని ఒక ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. ఆయనకిది చిన్నప్పట్నించీ మంట. 2014లో చైనా సంతతి వాళ్ళని, ఆ కూలీల వారసుల్ని పోగుచేసి, అదే చోట ఇంజన్ల ముందు నిలబెట్టి ఫొటో తీశాడు. చెరిగిపోయినవాళ్ళని తిరిగి ఫ్రేములోకి తేవడానికి ఒక మనిషి అంత కష్టపడ్డాడు. మనమేమో సోఫాలో కూర్చుని ఉన్నవాళ్ళని తీసేస్తున్నాం.

మన దగ్గరకి రండి. నాగార్జున సాగర్ పాత ఫొటోలు చూశారా? 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాది రాయి వేసిన ప్రాజెక్టు. రాతి కట్టడం. ఆ ఫొటోల్లో కట్ట మీద చీమల బారులా మనుషులు, నెత్తిన రాళ్ళు, తట్టలు. పాలమూరు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆడామగా. ఆ ఫొటోలు చూస్తే ఒళ్ళు జలదరించేది ఆ మనుషుల వల్లే. వాళ్ళని "అడ్డం" అని తుడిచి చూడండి, ఉత్త రాతి గోడ మిగులుతుంది. మన తాతల ఫొటోలో మనుషులున్నారని గర్వపడతాం. మన ఫొటోలో మనం ఉంటే సిగ్గుపడతామా? దుబాయ్ మెట్రో, దోహా మెట్రో కట్టిన మనోళ్ళు కూడా ఇది చదువుతున్నారు. మెరిసే స్టేషన్ ఫొటోలు లక్షలున్నాయి. మండే ఎండలో అక్కడ పనిచేసిన జగిత్యాల, నిజామాబాద్, కడప మనుషుల ఫొటోలు ఎన్నున్నాయో మీరే చెప్పండి.

సరే, మర్యాద సంగతి పక్కన పెడదాం. ప్రాణం సంగతి మాట్లాడదాం.

ఇరుకు చోట్ల ఫెన్సు తుడిచేస్తే ఆ ఫొటో ఒక అబద్ధం చెప్తుంది: "ఇక్కడ అడ్డేమీ లేదు, ఇక్కడ నిలబడొచ్చు" అని. నువ్వు ఫెన్సు ఇవతల నిలబడి తీశావు, నీకు తెలుసు. ఆ ఫొటో చూసిన పంతొమ్మిదేళ్ళ స్టూడెంటు కుర్రాడికి తెలియదు. వాడు నిన్నటిదాకా మన ఊళ్ళో పట్టాలు దాటుకుంటూ కాలేజీకి పోయినవాడు. అదే ఫొటో తనకీ కావాలని వస్తాడు, ఫెన్సు కనిపిస్తుంది, "అన్న లోపలికెళ్ళి తీశాడన్నమాట" అనుకుని ఎక్కుతాడు.

లోపల ఏముందో మేం చెప్తాం, అది మా పని కాబట్టి. పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. గో ట్రైన్ డబ్బా వెడల్పు దాదాపు 3 మీటర్లు. అంటే డబ్బా పట్టా దాటి ఒక్కో పక్క రెండున్నర అడుగులు బయటికి ఉంటుంది. "పట్టా మీద లేను కదా, పక్కనే ఉన్నా" అనుకున్నవాడు బండి దారిలోనే ఉన్నాడు. గో ట్రైన్‌కి ఇంజను ఒక కొసనే ఉంటుంది, వెనక్కి వచ్చేటప్పుడు ఇంజను తోస్తుంది, ముందు డబ్బా వస్తుంది. ఇంజను చప్పుడు వినిపించేసరికి ముందు డబ్బా నీ మీదికి వచ్చి ఉంటుంది. ఐయాన్ అయితే అసలు చప్పుడే తక్కువ, పైన తీగలో 750 వోల్టుల కరెంటు. పెద్ద గూడ్సు వేగంలో ఉంటే బ్రేకు కొట్టాక ఆగడానికి కిలోమీటరు పైనే కావాలి, డ్రైవరు నిన్ను చూసినా చెయ్యగలిగిందేమీ లేదు. పైగా పట్టాల జాగాలోకి పోవడం ఇక్కడా నేరం, ఇండియాలోనూ నేరం. స్టడీ పర్మిట్ మీదో వర్క్ పర్మిట్ మీదో ఉన్నవాడికి ఒక కేసు అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు.

మన ఊళ్ళో రైలు ముందు సెల్ఫీలు తీసుకుంటూ పోయిన పిల్లల వార్తలు ఎన్ని చదవలేదు! ఆ పిల్లలకి ధైర్యం ఎక్కడ్నించి వచ్చింది? ఇంకెవరిదో శుభ్రమైన ఫొటో చూసే కదా. కోన్ ఉన్న ఫొటో కోన్ పని చేస్తుంది. ఫెన్సు కనిపించే ఫొటో కూడా ఒక ఫెన్సే.

ఇప్పుడు మూడోది. ఇది మాలో జరిగింది, ఏ సైటో ఏ కంపెనీయో చెప్పం.

రైలు లైనుకి కనిపించేంత దూరంలో ఒక బిల్డింగు పని. సాయంత్రం బ్రేక్‌లో మాలో ఒక తమ్ముడు మూడో స్లాబు మీంచి, సూర్యుడు దిగుతుంటే, పోతున్న ట్రైన్ ఫొటో తీశాడు. చాలా బాగా వచ్చింది. ఎడమ మూల స్లాబు అంచు పడింది, ఆ అంచుకి గార్డ్‌రైల్ లేదు. "ఆ మూల దరిద్రంగా ఉంది" అని తుడిచేసి, ఆకాశం నింపి పోస్టు చేశాడు. రెండు వందల లైకులు.

నాలుగు రోజులకి అదే అంచు మీంచి మాలో ఇంకొకతను పడ్డాడు. ప్రాణం దక్కింది, నడుము, మణికట్టు పోయాయి. ఇక్కడి రూలు ప్రకారం 2.4 మీటర్లు, లేదా అంతకంటే ఎత్తు నుంచి పడే అవకాశం ఉంటే ఆ అంచుకి గార్డ్‌రైల్ ఉండాలి. మర్నాటికల్లా అక్కడ కొత్త గార్డ్‌రైల్ మెరుస్తోంది. "ముందునించీ ఉంది, పొద్దున మెటీరియల్ కోసం తీసుంటారు, వీడే చూసుకోలేదు" అన్నారు. ఇంగ్లీషు సరిగ్గా రాని మనిషి, మంచం మీద పడి, ఏం చెప్తాడు? అప్పుడు ఈ ఫొటో గుర్తొచ్చింది. పోస్టులో ఉన్నదాంట్లో ఆ మూల ఆకాశమే. అదృష్టం కొద్దీ అసలు ఫొటో ఇంకా ఫోన్‌లో ఉంది, తేదీ, టైముతో సహా. నాలుగు రోజుల ముందు నించే అంచు ఖాళీగా ఉంది అని దాంతో తేలింది. దాని తర్వాతే అతని మాటకి విలువ వచ్చింది.

ఆ తమ్ముడు స్టోరేజీ నిండిందని అసలుది డిలీట్ చేసి ఉంటే? రెండు వందల లైకులు ఆ మనిషి నడుముకి సమాధానం చెప్తాయా? అడ్డం అనుకున్న మూలే ఒక కుటుంబానికి అన్నం పెట్టింది. మనలాంటి వాళ్ళకి ఫొటో అంటే ఒక్క అందం కాదు, అది సాక్షి. లాయర్లు లేనివాడికి ఫోనే లాయరు. ఆ సాక్షికి అబద్ధాలు నేర్పితే రేపు నిజం చెప్పినా ఎవడూ నమ్మడు. "మీవాళ్ళు ఫొటోలు మారుస్తారుగా" అని ఒక్క మాట అంటే చాలు.

ఇప్పుడు మీ వాదనలకి వద్దాం.

"ఇది ఆర్ట్ అన్నా, న్యూస్ కాదు" అంటారు. సరే. అమెరికాలో విన్‌స్టన్ లింక్ అని రైలు ఫొటోలకి పేరుపడ్డ ఆయన ఉండేవాడు. 1956లో ఆయన తీసిన ఒక ఫొటోలో కార్లలో కూర్చుని సినిమా చూసే జనం, తెర మీద విమానం, వెనక ఆవిరి ఇంజను. ఫ్లాష్ వెలుగుకి తెర తెల్లబడిపోతే, తెర మీది విమానం బొమ్మని తర్వాత ప్రింటులో కలిపాడు. ఆ సంగతి లోకానికంతా తెలుసు. తెలిసే ఆ ఫొటోని గోడలకి పెట్టుకుంటారు. ఆర్ట్ చెయ్యండి, ఎవరు వద్దన్నారు? చేశాను అని చెప్పండి. చెప్పకుండా "కిచెనర్, ఈ రోజు సాయంత్రం" అని రాస్తే అది ఆర్ట్ కాదు, దొంగ సాక్ష్యం.

"ఒక్క మూలలో చిన్నది తీస్తే ఏమవుతుంది" అంటారు. ఫొటోల మీద బతికేవాళ్ళని అడగండి. 1982లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక కవరు ఇరుకైందని ఈజిప్టు పిరమిడ్లని దగ్గరకి జరిపింది, ఇప్పటికీ ఆ మాట పడుతోంది. 2010లో వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో ఒకతను వెనకున్న మనిషి కాలి ముక్క తుడిచాడని ప్రైజు వెనక్కి తీసుకున్నారు. 2014లో అసోసియేటెడ్ ప్రెస్ ఒక ఫొటోగ్రాఫర్‌ని వదులుకుంది. సిరియా యుద్ధం ఫొటోలో మూలన పడిన ఇంకో విలేకరి కెమెరాని తుడిచాడని. అతనున్న టీముకి అంతకుముందు ఏడాదే పులిట్జర్ వచ్చింది. కాలి ముక్కకీ, కెమెరాకీ అంత విలువ ఉంటే, నిండు మనిషికి ఎంత ఉండాలి?

"ఫొటోలో పడడం వాళ్ళకీ ఇష్టం ఉండదుగా" అంటారు. ఇది న్యాయమైన మాట. మాలో కొందరి కాగితాలు ఇంకా తేలలేదు, కొందరు ఏ పని చేస్తున్నారో ఇంటి దగ్గర చెప్పలేదు. అలాంటప్పుడు అడగండి. మొహం వద్దంటే మొహం మసక చెయ్యండి, చేశామని రాయండి. మొహం దాచడం ఆ మనిషి కోసం. మనిషినే మాయం చెయ్యడం నీ ఫొటో కోసం. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు కదా, మన అవసరానికి వాళ్ళ సిగ్గుని సాకు చెయ్యొద్దు.

"మరి దుమ్ము మరకలు, తీగలు కూడా తియ్యొద్దా?" తియ్యండి. లెన్సు మీద దుమ్ము ఆ చోట లేదు, మీ కెమెరాలో ఉంది. అది తీస్తే అబద్ధం కాదు. వంకరగా వస్తే సరిచెయ్యండి, చీకటిగా ఉంటే వెలుగు పెంచండి, అంచులు కత్తిరించండి. కత్తిరించడం అంటే ఇంత వరకే చూపించాను అనడం. మధ్యలోంచి ఒకటి తీసి అక్కడ లేని గడ్డి పెట్టడం వేరు.

అందుకని మాలో మేం నాలుగు మాటలు అనుకున్నాం. మీకూ నచ్చితే పాటించండి.

1. మనిషిని తియ్యం. వెస్ట్ వేసుకున్నా, చీపురు పట్టుకున్నా, తియ్యం.

2. ఫెన్సు, కోను, గీత, బోర్డు, రెయిలింగు, సిగ్నలు, పట్టా తియ్యం. అవి అక్కడ ఉన్నది ప్రాణం కోసం.

3. స్తంభమో తీగో చెత్తబుట్టో తీస్తే "ఇది తీశాను" అని కింద ఒక్క లైను రాస్తాం. అసలు ఫొటో డిలీట్ చెయ్యం.

4. సైటులో తీసిన ఏ ఫొటోలోనూ ఏదీ మార్చం. రైలు ఫొటో అయినా, బర్త్‌డే కేకు ఫొటో అయినా సరే.

మరి ఇరుకులో మంచి ఫొటో ఎలా? ఓపిక పట్టండి. మేం రోజంతా అక్కడే ఉండం, లంచ్‌కి పోతాం. ఆదివారం రండి. ఎదురుగా ఉన్న పబ్లిక్ పార్కింగు పైఅంతస్తుకి ఎక్కి చూడండి. పసుపు గీత ఇవతలే నిలబడి ఫోన్ కిందికి దించి తీస్తే సగం గజిబిజి బండి వెనక్కి పోతుంది. దూరం నుంచి జూమ్ చెయ్యండి. ఫెన్సు కన్నాలకి లెన్సు ఆనించి తీస్తే, అది వీధి ఫెన్సయితేనే, తీగ కనబడదు, నువ్వూ ఇవతలే ఉంటావు. ఇంకా అడ్డం వస్తే ఆ అడ్డాన్నే ఫొటోలో పెట్టండి. నారింజ వెస్ట్ వెనక ఆకుపచ్చ గో ట్రైన్ ఎంత బాగుంటుందో ఒకసారి తీసి చూడండి.

ఒక చిన్న సంగతి చెప్పి ఆపేస్తాం. క్రెయిగెలాకీలో పెద్దమనుషుల ఫొటో అయిపోయాక, వెనక్కి పోయే బండి కోసం చూస్తున్న కొందరు కూలీలు తామే ఒక మేకు కొట్టినట్టు నిలబడి ఇంకో ఫొటో తీయించుకున్నారు. ఎవరూ పిలవకపోయినా. ఆ బుద్ధి మనకీ రావాలి. కింద కామెంట్లలో మీరు తీసిన రైలు ఫొటోలు పెట్టండి, ఏదీ చెరపకుండా. అందులో కోన్ ఉండాలి, ఫెన్సు ఉండాలి, మనవాడు ఉండాలి. అతను ఒప్పుకుంటే పక్కన పేరు కూడా రాయండి. ఏ పని చేస్తున్నాడో రాయండి. రేపు మన పిల్లలు ఈ ఊళ్ళో ఐయాన్ ఎక్కి స్కూలుకి పోతూ "ఇది ఎవరు కట్టారు నాన్నా" అని అడిగితే చూపించడానికి మన దగ్గర ఫొటో ఉండాలి కదా.

రాత్రి షిఫ్టు వాళ్ళు జాగ్రత్త. బూట్లు, బెల్టు చూసుకోండి. ఉంటాం.